పచ్చళ్ళ ఆంటీ తొలి ఈమెయిల్

ఆ రోజుల్లో నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికితే, లోకంలో మనకు తెలియనిది లేదన్న భ్రమ ఉచితంగా వచ్చేది (జీతం మాత్రం ఆ భ్రమకు తగ్గట్టు ఉండేది కాదు). నోయిడా పక్కనే ఢిల్లీ మయూర్ విహార్‌లో మా సొసైటీ తెలుగువాళ్ళంతా కలిసి ఓ పాత కంప్యూటర్ కొని కమ్యూనిటీ హాల్లో పెట్టారు. ఇంట్లోంచే చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళకు ఆదివారాలు నేను పాఠం చెప్పాలి. నా శిష్యుల్లో అందరికన్నా చురుకు, గుంటూరు పచ్చళ్ళ ఆంటీ. ఓ ఆఫీసు క్యాంటీన్‌ వాళ్ళకు ఆవిడ ఆవకాయ తెగ నచ్చి, ఆదివారం సాయంత్రం ఐదులోగా రేట్లు ఈమెయిల్ చెయ్యమన్నారు, లేకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తామన్నారు. ఇరుగుపొరుగుకు సీసాల్లో అమ్ముకునే మనిషికి అంత పెద్ద ఆర్డరు రావడం అదే మొదలు.

ఆ ఆదివారం నేను హాలుకు వెళ్ళేసరికి ఆంటీ ఒంటివేలితో అంతా టైపు చేసుకుని కూర్చుంది. ఇక 'సెండ్' నొక్కడమే. తీరా చూస్తే మౌస్ కదిపినా తెర మీద బాణం కదలదు!

"వైరస్ ఆంటీ," అన్నాను ధీమాగా. వైరు పీకి మళ్ళీ గుచ్చాను, సెట్టింగులన్నీ కెలికాను, ఇంగ్లీషులో నాలుగు పెద్ద మాటలు కూడా అన్నాను. ఊహూఁ. మా సొసైటీ సెక్రటరీ అంకుల్ స్కూటరేసుకుని సైబర్ కేఫ్‌కు పరిగెత్తి, అంతే వేగంగా తిరిగొచ్చారు. "దుకాణ్ బంద్ హై అబ్బాయ్! ఇవాళే వాళ్ళ వీక్లీ ఆఫ్!"

ఐదు కావస్తోంది. ఆంటీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పోన్లే నాయనా, నాకు రాసిపెట్టి లేదు."

నాకు చెమటలు పట్టాయి. ఆ చెమట చేతిలోంచి మౌస్ జారి వెల్లకిలా పడింది. కింద లైటు వెలగాల్సిన చోట పసుపు, దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమ!

"ఆంటీ, ఇదేంటి?"

"బొట్టు నాయనా. మొదటి ఈమెయిలు కదా, టైపు అయ్యాక పూజ చేశాను."

"పైన పెట్టొచ్చుగా!"

"పైన దాని వీపేగా? ఎర్రటి కన్ను కిందే వెలుగుతోంది. ముఖం వదిలేసి వీపుకు పెడతారా ఎవరైనా?"

"అరే, బాత్ తో సహీ హై! నిజమేగా మరి!" అంటూ అంకుల్ పొట్ట పట్టుకుని నవ్వారు. నా రుమాలు త్యాగం చేసి దాన్ని తుడిచాను. ఆంటీ కళ్ళు మూసుకుని 'సెండ్' నొక్కింది. పాఠానికి వచ్చినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మర్నాడే ఆర్డరు వచ్చింది, మా అందరికీ గోంగూర సీసాలు కూడా వచ్చాయి. నా ఉద్యోగం వచ్చినప్పుడు కూడా నేనంత సంతోషపడలేదు.

ఇప్పుడు ఆంటీ ఫోన్‌లోనే ఎక్కడెక్కడి ఆర్డర్లో తీసుకుంటోంది. నేనేమో, ఆఫీసులో మౌస్ మొరాయిస్తే ముందు దాన్ని వెల్లకిలా తిప్పి చూస్తాను. కుర్ర ఇంజనీర్లు నవ్వుకుంటారు. కింద బొట్టు ఉండదని తెలిసీ చూస్తాను, అది కనిపించనప్పుడల్లా కాస్త నిరాశపడతాను.