ఎర పిట్ట

సిమెలూ దీవి అడవిలో రుస్లి నడిస్తే ఎండుటాక్కి కూడా చప్పుడు వినపడదు. పనస పాలు కాచి కాచి బంకగట్టిన అతని వేళ్లు కొబ్బరినూనెతో ఎంత తోమినా ఒకదానికొకటి అంటుకుంటూనే ఉంటాయి. రోజూ తెల్లారేసరికి గుడ్డ కప్పిన పంజరంతో కొండెక్కుతాడు. లోపల మగ మురాయ్ పిట్ట, అతని ఎర. గుడ్డ తీస్తే చాలు, తోక ఎగరేసి పాడుతుంది. తన చోట ఇంకో మగ గొంతు వినపడితే అడవి మురాయ్ ఓర్చుకోలేదు. కొట్లాటకు దిగివచ్చి బంక పూసిన పుల్ల మీద వాలి అంటుకుపోతుంది. ఆ రోషం మీదే రుస్లి నలభై ఏళ్లు బతికాడు.

రెండు వానాకాలాలుగా ఎర పాటకు అడవిలోంచి జవాబే లేదు. నిన్న వాగు అవతల నుంచి వచ్చింది. రుస్లి పుల్లలు గుచ్చి కూర్చున్నాడు. ఎండెక్కినా అవతలి పాట ఆగలేదు, పిట్ట మాత్రం దిగలేదు. చివరికి తనే పాకుతూ వెళ్లాడు. పొద వెనక ఒక పంజరం, పక్కనే బంక చేతులతో పొరుగింటి జకారియా.

"నువ్వట్రా!"

"నీదా మామా? అడవి పిట్టనుకుని పొద్దుట్నుంచీ ఊపిరి బిగబట్టి చచ్చాను."

"ఎక్కడిదిరా నీ పిట్ట?"

"భలేవాడివే, నువ్వమ్మిందేగా! ఈ వాగు గట్టునే పట్టానన్నావు."

పంజరాల్లో రెండు పిట్టలూ రొమ్ములు విరుచుకుని, ఈ అడవి నాదంటే నాదని పోట్లాడుకుంటూనే ఉన్నాయి.