దండోరా వేయించిన పుస్తకం

నా చిన్నప్పుడు వానాకాలంలో మా ఊళ్ళో డప్పు మోగిందంటే దానికి అర్థం ఒక్కటే. గోదావరి వస్తోంది, గుట్ట ఎక్కండి అని. బూర్గంపాడు చుట్టుపక్కల ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. తెలియనట్టు ప్రవర్తించింది ఒక్క మా పెద్దనాన్నే. ఆయన వెనకాల నేను.

పెద్దనాన్న బడిపంతులు. పదేళ్ళు కూర్చుని గోదావరి మీద పద్యాలు రాశాడు. వాటిని ఖమ్మంలో అచ్చు వేయించి, కట్టలు బండి మీంచి దింపించిన రోజున ఆయన ముఖం చూడాలి, పెళ్ళికొడుకులా ఉన్నాడు. అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. చుట్టాలకిచ్చాడు, తోటి పంతుళ్ళకిచ్చాడు, భద్రాచలం వెళ్ళి తెలిసినవాళ్ళందరికీ ఇచ్చి వచ్చాడు. కనబడితే బాగుందనేవాళ్ళు. ఏ పద్యం బాగుందని అడిగితే నీళ్ళు నమిలేవాళ్ళు. పెద్దనాన్న అన్నం సరిగ్గా తినడం మానేశాడు. ఊరంతా ఒక్కచోట కూర్చుని ఒక్కసారి వింటే చాలు, అదే ఆయన కోరిక. వింటే నచ్చకపోదని ఆయన నమ్మకం.

అందుకని ఆషాఢంలో ఒక ఆదివారం ఎత్తు వేశాడు. గుట్ట మీది బడిలో బల్ల వేసి, దాని మీద మా పెద్దమ్మ పట్టుచీర పరిచి, పుస్తకాలు పేర్చాడు. వచ్చినవాళ్ళకు పెట్టడానికి గంపెడు బొబ్బెర గుడాలు, అదే అలసంద గుగ్గిళ్ళు, ఉడికించారు. డప్పు కొట్టే తాతను పిలిచి, జరూరు మాటున్నది, అందరూ జల్దీ బడికాడికి రావాలె అని చాటమన్నాడు. పుస్తకం సంగతి చెప్పొద్దా అని ఆ తాత అడిగితే పెద్దనాన్న నవ్వాడు.

"పుస్తకమంటే ఎవడొస్తడు? ముందుగాల రానీ. వచ్చినంక నేను చెప్త గదా."

నన్ను తాత వెంట పంపాడు. అబ్బ, ఎంత గొప్పగా నడిచానో! మూడు రోజులుగా ముసురు. వీధి వీధీ తిరిగి, జల్దీ రావాలె అని తాతకంటే గట్టిగా అరిచాను. తలుపులు దబదబా తెరుచుకుంటుంటే జనం పెద్దనాన్న కోసమే పరుగెత్తుతున్నారని మురిసిపోయాను. నా మొహం!

ఊరంతా వచ్చింది. నెత్తిన బియ్యం మూటలు, చంకలో పిల్లలు, బుట్టల్లో కోళ్ళు. గోనె సంచులు కప్పుకుని, మేకలను లాక్కుంటూ, జారిపడుతూ గుట్ట ఎక్కారు. అందరికంటే చివర మా వీధి అవ్వ వచ్చింది. పక్షవాతంతో పడిపోయిన ముసలాయనను నులకమంచంతో సహా అవ్వా, కోడలూ మోసుకొచ్చారు. మంచం దింపి ఆవిడ బురదలోనే కూలబడింది. ముసలాయన చలికి వణుకుతూ నది వైపే చూస్తున్నాడు.

గోదారి ఎందాక వచ్చిందని ఎవరో అడిగారు. పెద్దనాన్న కండువా సర్దుకుని బల్ల వెనక నిలబడి ఉన్నాడు. గోదారి రాలేదని, వచ్చింది తన పుస్తకమని ఆయనే చెప్పాల్సి వచ్చింది. పక్కనే ఉన్న నాకే ఆ గొంతు సరిగ్గా వినబడలేదు. తిట్టారు. తిట్టరా మరి? డప్పు తాత తల వంచుకుని గోడ పక్కన నిలబడ్డాడు, పాపం ఆయనకేం తెలుసు. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది.

అప్పుడు అవ్వ లేచింది. ఆవిడ కూడా తిట్టి ఉంటే బాగుండేది.

"అయిందేదో అయింది. ఎట్లనూ వచ్చినం గదా సారూ. ఏం రాసినవో జర చదువు, వింటం."

ఆ మాట అని, కొంగుతో ముసలాయన మొహం తుడిచి, మంచం పట్టె మీద కూర్చుంది. మిగతావాళ్ళు కూడా గొణుక్కుంటూనే మూటలు దించి కూర్చున్నారు. పెద్దనాన్న కోరుకున్నది ఇదే కదా. ఊరంతా ఆయన ఎదుటే ఉంది.

ఆయన పుస్తకం తీశాడు. మొదటి పద్యం వరద గోదావరి అందం మీద. ఎర్రచీర కట్టుకుని వయ్యారంగా నడిచొచ్చే ఆడపడుచని రాశాడు. నాకది నోటికి వచ్చు. ఆయన నోరు తెరిచి, మంచం వైపు చూసి, పేజీ తిప్పాడు. రెండోదీ అలాంటిదే. మళ్ళీ తిప్పాడు. తడి వేళ్ళకు కాగితాలు అంటుకుంటున్నాయి. ఆ జనం ముందు చదవగలిగిన పద్యం ఒక్కటైనా ఉందేమోనని పుస్తకమంతా వెతికాడు. ఎంతసేపు వెతికాడో! వెనక అట్ట దాకా వెళ్ళి, పుస్తకం మూసి, "ఏం లేదవ్వా దీంట్ల" అన్నాడు. తర్వాత ముసలాయన మంచాన్ని ఒక పక్క తానే భుజానికెత్తుకుని గుట్ట దిగాడు. బతికినన్నాళ్ళూ మళ్ళీ పద్యం రాయలేదు. ఇంట్లో ఎవరూ రాయమని అడగలేదు కూడా.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. పినపాక వైపు అడవి పల్లెల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆ అడవి మీద రాసుకున్న కథలు ఈ మధ్యనే పుస్తకంగా వచ్చాయి. ఒక్కరు చదివినట్టు లేదు. వాట్సాప్ గ్రూపుల్లో దండం బొమ్మలు పెడతారు, అంతే. ఇంత బతుకూ ఎవరి కోసం రాశానా అని గుండెల్లో దిగులు కమ్ముకుంటోంది. అచ్చువేసిన అబ్బాయి ఫోన్ చేసి, "పుస్తకం సంగతి పక్కన పెట్టుండ్రి మేడమ్, మీరు కనబడాలె. జనం ఉలిక్కిపడేటట్టు ఏదన్న చెప్తే రీల్ చేద్దాం" అన్నాడు. జనాన్ని ఉలిక్కిపడేలా చేయడం నాకు రాని పనేమీ కాదు, తొమ్మిదేళ్ళప్పుడే చేశాను. వద్దని ఫోన్ పెట్టేశాను.

మొన్న మా అమ్మాయి ఫోన్ పట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఉలిక్కిపడే మాటలేమీ అక్కర్లేదు, నీకు నచ్చిన పేజీ ఒక్కటి చదువు, నేను తీస్తానంది. పుస్తకం తీశాను. మొదటి కథ ఇప్పపూల వాసన మీద. చీకటితో లేచి ఆ పూలు ఏరే ఆడవాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చుంటే ఇది చదవగలనా అనిపించింది. పేజీ తిప్పాను. వెన్నెల్లో టేకు పూత. అదీ తిప్పాను. పెద్దనాన్న నాకు ఇచ్చిపోయింది ఈ తిప్పడమే. మా అమ్మాయికి చెయ్యి నొప్పి పుట్టినట్టుంది, ఫోన్ రెండో చేతికి మార్చుకుని ఏమైందమ్మా అంది.

"ఉండవే, ఇంకా నాలుగు పేజీలున్నయి" అన్నాను.