రొట్టె, మావు, ఒక అద్దె అర్ర

ఆ రోజుల్ల నాకు ఒక గట్టి నమ్మకం ఉండె. ఇద్దరు కొత్తోళ్లు ఎదురుపడితె ఎవలో ఒకలు వెంటనే నోరు తెరువాలె, లేకపోతె లోకం ఆగిపోతదని. బస్సుల పక్క సీటామె సక్కగ కూసోకముందే "ఏ ఊరు అక్కా మీది, ఎవలోళ్లు?" అని మొదలువెట్టి, ఆమె దిగేలోపు మా ఇద్దరికీ ఏదో ఒక వరస కలిపేదాన్ని. "తొవ్వల పోయే మాటను గూడ పిలిచి పీటేస్తవు బిడ్డా" అంటుండె మా బాపు. చెప్పుకుంటె సిగ్గుపోతది గని, నా నోటిని జెర దారికి తెచ్చింది బాపు గాదు, బడిల పెద్దసారు గాదు. రెండు పిల్లులు.

మాది ఎల్లారెడ్డి. కామారెడ్డిల ఒక చిన్న ప్రైవేటు బడిల ఒకటో తరగతి పిల్లలకు చెప్పే నౌకరి దొరికింది, నా మొదటి నౌకరి. నాతోని మా పిల్లి గూడ బయలెల్లింది. దాని పేరు రొట్టె (తెల్లటి ఒంటి మీద అక్కడక్కడ మాడిన మచ్చలు, పెనం మీది జొన్నరొట్టె లెక్క). ఇంటికాడ విడిచి రావచ్చు గని, అది పక్కింటి పెద్దమ్మ కోడిపిల్లల మీద పడ్డది. పెద్దమ్మ మా వాకిట్ల నిలవడి "ఈ గల్లీల అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అని ఒట్టు వెట్టుకున్నది. ఇగ ఏం జేస్త, సంచిల ఏసుకొని బస్సెక్కిన. సంచి మియావ్ అనంగనే కండక్టరన్న "దీని టికెట్ ఎవలు కొంటరు?" అన్నడు (ఇప్పుడైతే ఆడోళ్లకు బస్సు ఫ్రీ, రొట్టెది ఆధార్ కార్డు ఏదని అడుగునేమో).

కామారెడ్డిల పిల్లితోని వచ్చిన పిల్లకు అర్ర ఇచ్చెటోళ్లు ఎవలున్నరు? సంచి చూడంగనే తలుపు దగ్గరికేసెటోళ్లే అందరు. తిరిగి తిరిగి కాళ్లు గుంజినంక జుక్కలవ్వ ఇల్లు దొరికింది. ఆమె పుట్టింది మహారాష్ట్ర బార్డర్ కాడి జుక్కల్ దిక్కు, అందుకే గల్లీల అందరు ఆమెను అట్లనే పిలుస్తరు. ఇంట్ల మరాఠీ, కిరాయోళ్లతోని తెలుగు, అది గూడ అవసరమున్నంతే. ఆమెకొక ముసలి బూడిదరంగు పిల్లి, పేరు మావు. గడప మీద అసలు ఇంటి ఓనరు లెక్క కూసున్నది. అవ్వ నన్ను సూసింది, సంచిని సూసింది. "ఐతారం దాకా సూస్త. మావు ఒప్పుకుంటె ఉండు. కొట్లాడినయా, నువ్వు నీ పిల్లి ఎల్లిపోవాలె" అన్నది. ఇంకో అర్ర లేదు. అర్ర లేకపోతె నౌకరి లేదు, వాపస్ పోతె ఎల్లారెడ్డిల పెద్దమ్మ ఉన్నది. అంటె నా బతుకంత ఒక ముసలి పిల్లి ముక్కు కాడ వచ్చి ఆగింది.

మాకాడ పెండ్లిల పిల్లను పిలగాన్ని ఒక్క తల్లెల బువ్వ తినవెడ్తరు, అప్పటిదాక ఒకరి మొకం ఒకరు సక్కగ సూడనోళ్లు గూడ అండ్లనే దగ్గరైతరని. నా తెలివికి అదే తోచింది. ఒక్క తల్లెల పాలు వోసి, రెంటినీ మెడలు వట్టి ఎదురెదురుగ కూసోవెట్టి "రొట్టె, ఈమె నీకు అక్క అయితది. మావూ, ఇది ఎల్లారెడ్డి పిల్ల, మంచిదే" అని వరస కలుపుడు మొదలువెట్టిన. మావు రెప్ప కొట్టకుంట సూసింది. రొట్టె తోక సీసాలు కడిగే బ్రష్ లెక్క ఉబ్బింది. ఇద్దరు కలిసి ఒక్కసారి బుస్సుమన్నరు, తల్లె ఎగిరి పోయి అవ్వ ఎండవెట్టిన అప్పడాల మీద పడ్డది. "కాయ్ ఝాలా?" అనుకుంట అవ్వ బయటికొచ్చి అప్పడాల దిక్కు, అటెనుక నా దిక్కు సూసింది. నాకు మరాఠీ రాదు గని ఆ చూపుకు తర్జుమా అక్కరపడలేదు.

అంత జరిగినా నాకు బుద్ధి వచ్చిందా అంటె రాలేదు. మావుకు తెలుగు రాకనే గిట్లయిందని తేల్చుకున్న. అవ్వ దాన్ని "ఇకడే యే" అని దగ్గరికి పిలుసుడు విన్న కదా, తలుపేసుకొని, ఎండుచేప ముక్క సూపుకుంట "ఇకడే యే, ఇకడే యే" అని రొట్టెకు పాఠం చెప్పిన (ఒకటో తరగతి టీచరును మరి. రొట్టె ఎండుచేపను నేర్సుకున్నది, మరాఠీని నేర్వలేదు). కిటికీ అవతల ఎవలో కొంగు అడ్డంవెట్టుకొని నవ్విన సప్పుడైంది. "పోరీ, అవి ముక్కుతోని మాట్లాడుకుంటయి" అన్నది అవ్వ. "నువ్వు నడుమల ఉన్నంతసేపు వాటికి సందు దొరకది. జెర ఊకుండు."

ఊకుండుడు నాకు ఉపాసం కన్న కష్టం. అయినా అర్ర కోసం ఉన్న. మూసిన తలుపు కింద సందు కాడ ఇటు ఒక ముక్కు, అటు ఒక ముక్కు వచ్చి ఆగినయి. మావు రొట్టె పండుకున్న సంచిని పొద్దంత వాసన సూసింది. తలుపు తీసినంక ఒకటి గోడ దిక్కు, ఇంకొకటి బిందె దిక్కు సూసుకుంట కూసున్నయి. అది పొగరు అనుకున్న గని, తీరా సూస్తె సీదాగ కండ్లల్ల కండ్లు వెట్టుడే వాటికి జగడమట, పక్కకు సూసుడే మర్యాదట. నేను పుట్టినకాడికెల్లి అందరి కండ్లల్లకు సూసుకుంటనే "ఎవలోళ్లు?" అని అడిగిన. ఎంతమందికి బుస్సుమనబుద్ధి అయిందో పాపం.

శనివారం రొట్టె మావు చాప దగ్గరికి పోతె మళ్ల ఒక బుస్సు వినవడ్డది. ఐతారం పొద్దుగాల్ల బట్టలు సర్ది బ్యాగు గడప కాడ వెట్టిన. అవ్వ బ్యాగును సూసింది. బతిలాడే మాటలన్నీ నాలిక మీదనే ఉన్నయి, ఆఖరికి మా బాపు మేనత్తను జుక్కల్ దిక్కు ఇచ్చిన సంగతి గూడ. అన్నిటిని మింగిన. గప్పుడే రొట్టె తోక నిటారుగ లేపి వాకిట్లకు నడిచింది. మావు కదలలేదు. ముక్కు ముక్కు తాకినయి. మావు కండ్లు మెల్లగ సగం మూసి తెరిచింది, అటెనుక తిరిగి, రొట్టెకు వీపు వెట్టి కూసొని కాలు నాక్కోబట్టింది.

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "అయిపాయె అవ్వా, మొకం తిప్పుకున్నది. పోతం" అన్న.

"పిచ్చిదానా" అన్నది అవ్వ. "నమ్మనోళ్లకు ఎవలన్న వీపు ఇస్తరా?"

గంతే అన్నది. మెల్లగ మెట్టు మీద నాకు వీపు వెట్టి కూసున్నది, కొప్పు ఇప్పింది, దువ్వెన భుజం మీదికెల్లి ఎనుకకు సాపింది. "జెర సిక్కు తియ్యి బిడ్డా" అన్నది. అప్పటిదాక నేను పోరినే, బిడ్డను అయింది అప్పుడే. ఆ తెల్ల ఎంట్రుకలు దువ్వుకుంట ఒక్క వరస గూడ కలుపలేదు నేను.

ఆ ఇంట్ల శాన ఏండ్లున్న. ఇప్పుడు అవ్వ లేదు, ఆ పిల్లులు లేవు. నేను అదే బడిల పెద్ద టీచరునైన. కొత్త టీచరెవలన్న వస్తె మీద పడి వరసలు కలపను. పక్కకు కూసొని, మావు లెక్క కండ్లు మెల్లగ సగం మూసి తెరుస్త. మొన్న వచ్చిన పిల్ల నన్ను కొంచెంసేపు సూసి, దగ్గరికొచ్చి, "మేడం, పానం బాగలేదా? నీళ్లు తేవాల్నా?" అని భయంభయంగ అడిగింది. పిల్లి కావాలంటె పిల్లిగనే పుట్టాలె గదా. నవ్వొచ్చింది, ఇగ ఆగలేదు. "పానం మంచిగనే ఉన్నది గని బిడ్డా, ఏ ఊరు మీది, ఎవలోళ్లు?"