ఖాళీ కుర్చీల మధ్య మా చాచా

మొన్న బుధవారం పొద్దున స్టోర్ రూములో కూర్చుని వాలీబాల్ నెట్ చిరిగిన అంచు కుడుతున్నాను. ఫోన్ మోగింది. బోధన్ నుంచి చాచా కొడుకు.

"అన్నా, అబ్బా పోయిండు. పొద్దుగాల నమాజ్ చదివి మళ్ళ జర ఒరిగిండు. చాయ్ ఇద్దామని అమ్మీ లేపితే లేవలే."

అతను చివర్లో ఇంకో మాట అన్నాడు. "దుబాయ్‌ల అబ్బాకు మస్తు మంది దోస్తులున్నరంట గద. అందరికి నువ్వే చెప్పాలె అన్నా." ముప్పై ఏళ్ళకు దగ్గరగా ఖతార్‌లో బతికినా ఆయన ఇంటివాళ్ళకు ఇది దుబాయే. ఆ దోస్తుల్లో సగం మంది పేర్లు కూడా నాకు తెలియవు. ఎవరికని చెప్పను? సూది నెట్‌కే గుచ్చి పక్కన పెట్టాను.

చాచా పేరు ఇక్కడ రాయడం లేదు. మా హాల్లో ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఖతరీ మేనేజర్ నుంచి కంపెనీ బస్సు డ్రైవర్ దాకా అందరికీ ఆయన చాచానే. అల్ రయ్యాన్ వైపున్న ఒక క్లబ్బు ఇండోర్ హాలు మాది. కోర్టు ఊడవడం, నెట్ కట్టడం, కుర్చీలు, లైట్లు, ఏసీ అన్నీ మా ఏడుగురం చూసుకుంటాం. ఆ ఏడుగురిలో పెద్ద ఆయన. నాది జగిత్యాల పక్క పల్లె. నేను చేరిన మొదటి రోజు ఆయన ఒక తడిగుడ్డ నా చేతిలో పెట్టి, నిన్న మ్యాచ్‌లో ఎవరూ కూర్చోని వరసలన్నీ తుడవమన్నాడు.

"ఎవ్వలు కూసోలే గద చాచా, ఎందుకు తుడుసుడు?" అన్నాను.

"దుమ్ము కూసున్నది గద బేటా," అన్నాడాయన.

తుడవాల్సిన కుర్చీలు ఎప్పుడూ ఎక్కువే ఉండేవి. మీకు వింతగా అనిపించవచ్చు కానీ, మా క్లబ్బు జట్టు ఓడడం నేను రెండేళ్ళ దాకా చూడలేదు. బ్రెజిల్ నుంచి, సెర్బియా నుంచి తెచ్చుకున్న ఆటగాళ్ళు. వాళ్ళు స్మాష్ కొడితే బంతి నేలకు తగిలిన చప్పుడు పార్కింగ్ దాకా వినిపించేది. అంత ఆట ఆడినా, ఆ చప్పుడు ఖాళీ హాల్లో గోడకు కొట్టుకుని మళ్ళీ మాకే వచ్చేది. ఇక్కడివాళ్ళకు ఫుట్‌బాల్ ముందు ఏదీ ఆనదు. మిగతావాళ్ళు ఇంట్లో టీవీలో చూస్తారు. ఏటా మారిపోయే ఆటగాళ్ళ పేర్లు ఎవరి నోటా తిరగవు.

టీవీ కెమెరాలో కుర్చీలు బోసిగా కనబడకూడదని ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల నుంచి శుక్రవారం ఒక బస్సు నిండా కార్మికులను తెచ్చేవారు. నీళ్ళ సీసా, కేకు ముక్క ఇచ్చి పైవరసల్లో కూర్చోబెట్టేవారు. ఆ జనాన్ని లెక్కపెట్టి కాగితం మీద రాసివ్వడం నా డ్యూటీ. నిరుడు సీజన్ మొదట్లో మేనేజర్ మా అందరినీ పిలిచి, ఈసారి కూడా హాలు ఇలాగే ఉంటే మ్యాచ్‌లు ఒక స్కూలు చిన్న హాలుకు మారుస్తారని, ఈ హాలుకు తాళం వేస్తారని చెప్పాడు. హాలుకు తాళం పడితే మా ఏడుగురికీ పని లేదు. పని లేకపోతే వీసా లేదు. ఆ రోజు నుంచి శుక్రవారం బస్సు దిగేవాళ్ళను గేటు దగ్గర ఒకసారి, కూర్చున్నాక ఇంకోసారి లెక్కపెట్టేవాణ్ణి.

ఒకసారి నేను యాభై రెండు మందిని నూట యాభై రెండు మందని రాయబోయాను. వెనకనుంచి చాచా చూశాడు.

"ఉన్నదే రాయి బేటా. ఖాళీ కుర్చీకి మనిషి పేరు పెట్టకు."

"మరి హాల్ బంద్ జేస్తరు గద చాచా!"

"జేస్తే జేస్తరు. అబద్ధం రాస్తే జనం ఎందుకు వస్తలేరో మనకు ఎన్నటికీ తెల్వది."

తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనది. మ్యాచ్ జరుగుతుంటే బంతిని చూసేవాడు కాదు, జనాన్ని చూసేవాడు. పైవరసల్లో సగం మంది నిద్రపోయేవారు. కెమెరా అటు తిరగబోతోందని ఫ్లోర్ మేనేజర్ ఒకసారి వాళ్ళను లేపడానికి మెట్లెక్కుతుంటే చాచా అడ్డం నిలబడ్డాడు. "పండుకోనియ్యి సాబ్. ఆరు దినాలు ఎండల జేసి వచ్చిండ్రు," అని హిందీలో బతిమాలాడు. వాళ్ళు లేచాక వెళ్ళి పక్కన కూర్చుని, ఏ ఊరు, ఏ సైట్ అని అడిగేవాడు. నేనూ వెంట ఉండేవాణ్ణి.

అలా దొరికాడు మాకు ఆర్మూర్ దగ్గరి ఒక తమ్ముడు. సైట్‌లో ఇనుప కడ్డీలు కడతాడు. ఊళ్ళో వాలీబాల్ టోర్నమెంట్లు ఆడినవాడు. ఆటంటే ప్రాణమని మాటల్లోనే తెలుస్తోంది. అయినా రెండో సెట్ మధ్యలోనే లేచి నిలబడేవాడు. అతను లేస్తే బస్సంతా లేచేది.

"ఆట మంచిగ లేదా తమ్మీ?" అన్నాడు చాచా.

"ఆట మస్తుంది చాచా. మెస్ బంద్ అయితది. ఎనిమిది దాటినంక పోతే గిన్నెలు కడిగి పెడ్తరు. పొద్దుగాల నాలుగింటికి మళ్ళ సైట్ బస్సు. ఉపాసం పండుకుని లేస్తే కడ్డీలు లేవయి." కాసేపు ఆగి, కింద ఖాళీగా ఉన్న కుర్చీల వైపు గడ్డంతో చూపించాడు. "ఇంక ఆ ముంగటి సీట్లు ఎవ్వల కోసమో తెల్వది. రెండేండ్ల సంది వస్తున్న, అండ్ల ఎవ్వలు కూసోంగ చూడలే. ఈడికెళ్ళి చూస్తే ఆటగాళ్ళ నెత్తులే కనవడ్తయి."

స్టోర్ రూముకు వచ్చాక చాచా అన్నాడు: "కడుపు గడియారం చూస్తుంటే కండ్లు ఆట చూడయి. ఇన్ని దినాలు మనకు గింత సమజ్ గాలే."

తరువాతి శుక్రవారం పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని క్యాంపుకు వెళ్ళాడు. మెస్ రెండో అంతస్తులో ఉంది. మొదటి అంతస్తు మలుపులో ఆయన ఆగిపోయాడు. గోడకు చెయ్యి ఆన్చాడు. ఇంకో చెయ్యి ఛాతీ మీద ఉంది. చలికాలం, అయినా నుదుటి మీద చెమట బొట్లు.

"చాచా, ఏమైంది?"

"గ్యాస్ బేటా."

"గ్యాస్‌కు గిట్ల చెమటలు వస్తయా?"

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టులో భయం నాకు తెలిసింది. "ఎవ్వనికి చెప్పకు. మెడికల్‌ల అన్‌ఫిట్ అంటే రెండు దినాలల్ల పంపిస్తరు. ఈ సీజన్ పోనియ్యి. మీ ఆరుగురి సంగతి ఒక దారికి రానియ్యి."

ఏడుగురిలో ఆయన తనను లెక్కపెట్టుకోలేదని నాకు అప్పుడు తట్టలేదు.

మెస్‌లో వంటమనిషి మలయాళీ. టైమ్ దాటి భోజనం ఉంచాలంటే క్యాంప్ బాస్ ఒప్పుకోడని ఒక్క ముక్కలో తేల్చేశాడు. చాచా వాదించలేదు. పక్కనే ఉన్న ఉల్లిగడ్డల బస్తా దగ్గర కూర్చుని పొట్టు తీయడం మొదలుపెట్టాడు. నేనూ కూర్చున్నాను. గంటన్నర తీశాం. కళ్ళు మండిపోయాయి. ఆ గంటన్నరలో వంటమనిషి తన తల్లి మోకాళ్ళ నొప్పి దాకా అన్నీ చెప్పుకున్నాడు. చివరికి తనే అన్నాడు, మ్యాచ్‌కు వెళ్ళేవాళ్ళ పేర్లు ముందు పంపితే, వాళ్ళ అన్నం కూర వేడి డబ్బాల్లో వేరుగా ఉంచుతానని, బాస్‌తో తను మాట్లాడుకుంటానని.

కార్మికులను కింది కుర్చీల్లో కూర్చోబెట్టే సంగతి అంత తేలిగ్గా తేలలేదు. కింది వరసలు కుటుంబాలకు, అతిథులకు అని మేనేజర్ పట్టుబట్టాడు. చాచా ఆయనతో అరబ్బీలో ఏమన్నాడో బయటికొచ్చాక నాకు చెప్పాడు: "రాని సుట్టానికి కుర్చీ ఏసి, వచ్చిన సుట్టాన్ని మెట్లెక్కిస్తున్నం, ఇది మీ ఇంట్ల మర్యాదేనా సాబ్ అన్న." మేనేజర్ చివరికి ఒక్క వైపు మాత్రమే తెరవమన్నాడట. ఏ ఫిర్యాదు వచ్చినా చాచాదే బాధ్యత అన్నాడట. ఆ వారమంతా నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఫిర్యాదు వస్తే? ఆయన ఛాతీ నొప్పి మ్యాచ్ మధ్యలో వస్తే?

ఆ పై శుక్రవారం బస్సు దిగినవాళ్ళను చాచా చెయ్యి పట్టుకుని కింది వరసలకు తీసుకువెళ్ళాడు. వాళ్ళు కుర్చీ అంచున కూర్చున్నారు, ఎవరైనా లేపుతారేమోనని. మొదటి సెట్ మనవాళ్ళే గెలిచారు. రెండోది పోయింది. మూడోది గెలిచారు, నాలుగోది మళ్ళీ పోయింది. ఐదో సెట్ మొదలయ్యేసరికి గడియారం మెస్ టైమ్ దాటింది. ఆర్మూర్ తమ్ముడు ఒకసారి ఫోన్ చూసుకుని చాచా వైపు తిరిగాడు. చాచా కూర్చోమని అరచేత్తో సైగ చేశాడు. ఎవ్వరూ లేవలేదు. పదమూడు, పదమూడు. నా కాగితం ఎక్కడ పెట్టానో మరిచిపోయాను. పక్కనున్న నేపాలీ మనిషి నా భుజం పట్టుకుని ఉన్నాడు. వరసగా రెండు పాయింట్లు పోయాయి.

జట్టు ఓడిపోయింది.

మేనేజర్ ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మన పని అయిపోయిందనుకున్నాను. బస్సు ఎక్కుతూ కార్మికులు మాత్రం ఆగకుండా కొట్లాడుకుంటున్నారు. "గా బ్లాక్ జర ఎడమకు పెడితే అయిపోవు!" "అరె, సర్వీస్ వానికెందుకు ఇచ్చిండ్రు?" తెలుగు, హిందీ, నేపాలీ కలిసిపోయాయి. హాల్లో చాచా ఒక్కడే నవ్వుతూ నిలబడ్డాడు.

"ఓడిపోతే నవ్వుతవేంది చాచా?"

"గెలుస్తదని ముందే తెలిసిన జట్టుకోసం ఎవడు మొక్కుతడు బేటా? ఓడుతదేమోనని పానం కొట్టుకుంటేనే అది మనది అయితది. ఇయ్యాల అయింది సూడు."

మరుసటి శుక్రవారం ఒక బస్సుకు రెండు వచ్చాయి. సీజన్ చివరికి రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్ల షిఫ్టుల నుంచి కూడా కొందరు సొంతంగా టాక్సీ మాట్లాడుకుని వచ్చారు. హాలు పూర్తిగా నిండిందని రాస్తే చాచా ఒప్పుకోడు. సగానికి కాస్త ఎక్కువ. అయినా మ్యాచ్‌లు వేరే చోటికి పోలేదు. మా కాంట్రాక్టు కొనసాగింది.

చివరి మ్యాచ్ తరువాత నేను ఒక పని చేశాను. బోధన్‌కు ఫోన్ చేసి ఆయన కొడుక్కి ఛాతీ నొప్పి సంగతి చెప్పేశాను. ఇంటినుంచి ఫోన్లు మొదలయ్యాయి. చాచా నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. నా చాయ్ గ్లాసు నాకు ఇచ్చేవాడు, ముఖం చూసేవాడు కాదు. ఐదో రోజు, "టికెట్ చేసిండ్రంట బేటా," అని మాత్రం అన్నాడు. నేను తప్పు చేశానా అన్న బెంగ నన్ను చాలా రోజులు వదల్లేదు. వెళ్ళిన రెండు నెలలకు వాయిస్ మెసేజ్ పంపాడు. "హైదరాబాద్‌ల గుండెకు స్టంట్ ఏసిండ్రు. మనుమరాలికి సైకిల్ నేర్పుతున్న. దాని ఎంబడి ఉరుకుతుంటే అది పడుతదేమోనని భయం, నేను పడుతనేమోనని దానికి భయం. నువ్వు చెప్పుడే మంచిదైంది బేటా." ఆ మెసేజ్ ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. బుధవారం నుంచి దాన్ని తెరవలేకపోతున్నాను.

ఆ బుధవారం నేను ఆర్మూర్ తమ్ముడికి ఒక్కడికే ఫోన్ చేశాను. శుక్రవారం మ్యాచ్ లేదు. నేను ఏసీ చూసే డ్యూటీలో ఉన్నాను. మధ్యాహ్నం నమాజ్ అయ్యాక తలుపు దగ్గర అలికిడైంది. వెళ్ళి చూస్తే తలుపు బయట నలభై మందికి పైగా ఉన్నారు. కంపెనీ బస్సు లేదు. సిటీ బస్సులు మారి వచ్చారట. అందరూ ఉతికిన చొక్కాలు వేసుకున్నారు. ఉల్లిగడ్డల మలయాళీ కూడా ఉన్నాడు.

"ఇయ్యాల మ్యాచ్ లేదు తమ్మీ," అన్నాను.

"ఎరికే అన్నా," అన్నాడు ఆర్మూర్ తమ్ముడు. "చాచా ఇల్లు ఈ దేశంల ఏడుంది మాకు? ఏడికి పోవాలె?"

తలుపు తీశాను. లైట్లు వెయ్యమని ఎవరూ అడగలేదు. పై కిటికీల్లోంచి వచ్చే వెలుగు చాలింది. వాళ్ళు కింది వరసల్లో కూర్చున్నారు. హైదరాబాద్ మనిషి ఒకాయన నిలబడి, చనిపోయినవారి కోసం చేసే ఫాతిహా ప్రార్థన చదివాడు. కొందరు చేతులు చాపారు, కొందరు జోడించారు. తరువాత నెట్ లేని కోర్టును చూస్తూ చాలాసేపు కూర్చున్నారు.

మా కుర్చీలు స్ప్రింగువి. మనిషి లేస్తే టపామని మూసుకుంటాయి. ఆ రోజు వాళ్ళు ఒక్కొక్కరే లేచారు. లేస్తూ ప్రతి ఒక్కరూ కుర్చీని అరచేత్తో పట్టుకుని, మెల్లగా పైకి ఆనించి, చప్పుడు కాకుండా వదిలారు.