మామగారి ఆమెన్

మా మామగారికి ఒక్కటే జబ్బు. భోజనానికి ముందు ప్రార్థన మొదలుపెడితే ఆపడం తెలియదు. మూడేళ్ళుగా ఆదివారాలు ఆ ఇంట్లోనే నా భోజనం. ఒక్కనాడూ వేడన్నం తిని ఎరగను.

ఆయన ఆసుపత్రిలో స్ట్రెచర్ తోసే మనిషి. సెలవు రోజున కూడా వెళ్ళి, ఎవరూ లేని రోగులకు ఒళ్ళు తుడిచి, గడ్డాలు గీసి వచ్చేవారు. వాళ్ళందరూ ఆయన వెంట మా భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసేవారు.

"ప్రభువా, ఏడో మంచం ఆయన కిడ్నీలు చూడు. తొమ్మిదో మంచం ఆమె కోసం ఇవాళ కూడా ఎవరూ రాలేదు, నువ్వన్నా వెళ్ళు. నాలుగో మంచం పొద్దున ఖాళీ అయింది. ఆయన చలికి ఆగలేడు, నీ దగ్గర దుప్పటి ఉంటే కప్పు."

ఈలోగా కూర మీద నూనె గడ్డకట్టేది.

అందరూ కళ్ళు గట్టిగా మూసుకోవాలి. అది చట్టం. ఒకసారి ఆకలికి తాళలేక ఒక కన్ను రవ్వంత తెరిచాను.

"ప్రభువా, కన్ను తెరిచిన అల్లుణ్ణి క్షమించు."

ఏమీ చూడకుండానే ఠక్కున మూసేశాను. కళ్ళు మూసుకున్న మనిషికి నా కన్ను ఎలా కనిపించిందో అడగాలని తోచలేదు.

అత్తగారు వడ్డన ముగించి కుర్చీలో కూర్చున్నాకే ఆమెన్ వచ్చేది. వడ్డన ఆవిడ సొంతం. మా ఆవిడ గరిటె అందుకోబోతే ఒప్పుకునేవారు కాదు.

"ఇది నీ చేతికిచ్చిన రోజు నేనీ ఇంట్లో చుట్టాన్నవుతానే."

కిందటి నెల మామగారే పదకొండో మంచం అయ్యారు. ఊపిరి అందని స్థితిలో కూడా పన్నెండో మంచం కోసం ప్రార్థించారు. ఆ పన్నెండో ఆయన నిక్షేపంగా నడిచి ఇంటికెళ్ళాడు. నాకు ఒళ్ళు మండింది.

చివరి సాయంత్రం నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇక ప్రార్థన నువ్వే చెయ్యాలి అల్లుడూ."

"అలాగే మామయ్యా."

"పొట్టిగా చెయ్యకు."

పోయేముందు కూడా ఇదే ధోరణా అని లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సమాధి చేసి వచ్చిన మర్నాడు అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. ఆయన కుర్చీ ఖాళీ. "కానివ్వండి బాబూ" అన్నారు అత్తగారు. నాలుగు ముక్కల్లో చుట్టేసి, ఆమెన్ అనబోతూ కళ్ళు తెరిచాను.

అత్తగారి చెయ్యి వణుకుతోంది. గరిటెలో కూర సగం బల్ల మీదే పడుతోంది. కుడి మణికట్టును ఎడం చేత్తో పట్టుకుని వడ్డిస్తున్నారు. ఒలికినదాన్ని చప్పుడు కాకుండా గుడ్డతో తుడుస్తున్నారు. మిగతావాళ్ళంతా బుద్ధిగా కళ్ళు మూసుకుని ఉన్నారు. మూడేళ్ళుగా ఆ బల్ల దగ్గర కళ్ళు తెరుచుకుని ప్రార్థించింది ఒక్క మామగారేనని అప్పుడు అర్థమైంది.

ఆవిడ నన్ను చూశారు. గరిటె గాలిలో ఆగిపోయింది.

గబుక్కున కళ్ళు మూసుకున్నాను. "ఇంకొక్క మాట ప్రభువా."

ఏడో మంచం, తొమ్మిదో మంచం అయిపోయాయి. మందుల షాపాయన మోకాలు, బస్సు కండక్టరు దగ్గు, చివరికి మా ఆఫీసరు కోపం కూడా దేవుడికి అప్పజెప్పాను. చెంపలు తడిసిపోతున్నా ఆపలేదు.

పక్కనుంచి బావమరిది గొణిగాడు. "నాన్న పోయారనుకున్నాను."

"ప్రభువా, తొందరపడే బావమరిదిని క్షమించు."

ఎదురుగా అత్తగారి కుర్చీ కిర్రుమంది. ఆమెన్ అన్నాను.

అన్నం చల్లారిపోయింది. కడుపునిండా తిన్నాను.