సోవియట్ వలి

మాచర్లలో నాపరాళ్ళ అడ్డాల వైపు వెళ్ళి ఖాదర్ వలి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. సోవియట్ వలి అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా దగ్గరుండి దిగబెడతారు. ఆ పేరు తగిలించిన పెద్దమనిషిని నేనే. నా పేరు త్రికోటేశ్వరరావు. హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఎదురుపడితే జనం ఇప్పటికీ నమస్కారం పెడతారు. ఆ నమస్కారం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

వలి క్వారీ పనివాడు. పొరలు పొరలుగా ఉండే నాపరాతిని పలకలుగా విడదీయడం అతని పని. అందరూ రాతిని చూసి ఉలి పెడితే వలి విని పెట్టేవాడు. సుత్తితో మూడు చోట్ల తట్టి, చెవి ఆనించి, "ఈడ ఇడుస్తది" అనేవాడు. అక్కడే విడిచేది. మా వసారాలో పరిచినవి అతను తీసిన పలకలే. ముప్పై ఏళ్ళయినా ఒక్కటీ పెచ్చు లేవలేదు.

అతని తండ్రి సర్దార్ అంతకుముందు కాలం మనిషి. కొండల్లో ఖనిజం కోసం సొరంగాలు తవ్వుతున్నప్పుడు కూలీగా దిగాడు. ఒకసారి పైకప్పు కూలి నలుగురు లోపల చిక్కుకుంటే, సర్దార్ రెండు రోజులు మట్టి తోడి నలుగురినీ ప్రాణాలతో బయటికి తెచ్చాడు. అక్కడ పని చేయిస్తున్న ఫ్రెంచి ఇంజనీరు, తన తాత నుంచి వచ్చిన కంచు బిళ్ళ ఒకటి తీసి అతని చేతిలో పెట్టాడు. సర్దార్ పోయాక అది కొడుక్కి వచ్చింది.

బిళ్ళకు ఒకవైపు బురుజు పక్కన నిలబడ్డ ఆడమనిషి. రెండోవైపు ఒక దీపం, దాని కింద ఒకదానిమీద ఒకటి అడ్డంగా వేసిన సుత్తి, గునపం. చుట్టూ అక్షరాలు. వలి భార్య జాన్‌బీ ప్రతి రంజానుకూ ఆ బిళ్ళను చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమేది. మామగారి పేరు నిలబెట్టాలని తోమి తోమి అక్షరాలు సగం అరగదీసింది.

ఇరవై రెండేళ్ళ కిందట, అన్నల కోసం పోలీసులు ఇల్లిల్లూ గాలించిన రోజుల్లో, ఆ బిళ్ళ బీరువాలో దొరికింది. దానిమీద సుత్తి ఉంది. వాళ్ళకు అది చాలింది. వలిని స్టేషనుకు పట్టుకుపోయి, బిళ్ళ మీద ఇంగ్లీషు చదవడానికి నన్ను పిలిపించారు.

నేను వెళ్ళేసరికి వలి గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. "మా నాయన మనుషుల్ని బయటికి తీశాడని దొర ఇచ్చాడయ్యా" అని చెబుతున్నాడు. అప్పటికి ఎన్నోసారో తెలియదు.

"మరి సుత్తెందుకుందిరా దీని మీద?" అన్నాడు ఎస్సై.

"మా ఇంట్లో సుత్తులు ఆరున్నాయి సార్" అన్నాడు వలి.

అది ఎకసెక్కం కాదు, లెక్క. చెంప మీద కొట్టారు. ఎస్సై బిళ్ళను నా ముందుకు తోసి, "చదవండి మాస్టారూ" అన్నాడు. నేను కళ్ళజోడు సర్దుకుని, అక్షరాల మీద వేలు పెట్టి చదివాను. "సోవియట్ అని ఉన్నట్టుందండీ" అన్నాను. పంచనామాలో అదే రాశారు. కింద సంతకం చేశాను. ఇంటికి వచ్చి గోంగూర పచ్చడితో అన్నం తిన్నాను. అది కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ పూట నాకు అన్నం సయించింది.

వలి తొమ్మిది రోజులకు ఇల్లు చేరాడు. కుడిచేతి వేళ్ళు మూడు మళ్ళీ వంగలేదు. నాలుగేళ్ళు వాయిదాలకు తిరిగాక కేసు కొట్టేశారు. బిళ్ళను గుడ్డ సంచిలో పెట్టి సీలు వేసి తిరిగి ఇచ్చారు. వేళ్ళు ఎవరిస్తారు? సుత్తి పట్టలేని మనిషిని క్వారీలో ఎవడుంచుకుంటాడు? పాలిష్ ఫ్యాక్టరీ గేటు దగ్గర స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. "ఏంది సోవియట్, విప్లవం ఎప్పుడు?" అని లారీవాళ్ళు అడిగేవాళ్ళు. ఒకసారి నేనూ నవ్వాను.

పోయిన నెల వలి మనవరాలు ఇరమ్ మా ఇంటికి వచ్చింది. డిగ్రీ చదువుతోంది. కూర్చోమంటే కూర్చోలేదు. ఒక కాగితం నా ముందు పెట్టింది. కాగితాన్ని బిళ్ళ మీద పరిచి పెన్సిలుతో రుద్దినట్టుంది, అరిగిపోయాయనుకున్న అక్షరాలన్నీ నల్లటి గీతల మధ్య తెల్లగా తేలాయి.

"చదవండి సార్" అంది.

"ఎస్, ఏ, యూ, వీ, ఈ, టీ..."

"ఆగండి. సోవియట్‌లో రెండో అక్షరం ఏంది సార్?"

"ఓ" అన్నాను.

"మరి ఇదేంది?"

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

"మా నాన్న నౌషాద్ మీ క్లాసులోనే చదివాడు. రిసీవ్ స్పెల్లింగ్ తప్పు రాశాడని ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టారంట. ఒక్క అక్షరానికి. మిమ్మల్ని ఎన్నేళ్ళు నిలబెట్టాలి సార్?"

పూర్తి మాట సోవ్‌తర్ అట. ఫ్రెంచిలో రక్షించినవాళ్ళు అని అర్థం. పుణెలో పాత పతకాలు సేకరించే ఒకాయనకు ఇరమ్ ఫోటోలు పంపితే వివరంగా రాశాడు. ఆ బురుజు పక్క ఆమె సెయింట్ బార్బరా, గనుల్లో దిగేవాళ్ళు మొక్కుకునే తల్లి. సుత్తి, గునపం, దీపం గని కూలీల గుర్తులు. గని కూలినప్పుడు లోపలికి దిగి మనుషుల్ని తెచ్చినవాళ్ళ జ్ఞాపకంగా పోతపోసిన పతకం అది. అంటే వలి స్టేషన్లో చెప్పిందే. బడి మొహం చూడని మనిషి అక్షరం పొల్లుపోకుండా చెబితే, ఎమ్మే చదివిన నేను అబద్ధం చదివాను.

"మా తాతకు గుండె పని చానా తగ్గిందన్నారు డాక్టర్లు. ఆ పేరుతో పోనంటున్నాడు. మీరు తగిలించిన పేరు సార్, మీరే తీయండి" అంది ఇరమ్. గొంతులో బతిమాలుకోవడం ఇసుమంత కూడా లేదు. ఉంటే అసహ్యం వేసేది, నా మీద.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ ఎదురుగా టీ హోటలుకు వెళ్ళాను. లారీ డ్రైవర్లు, రాళ్ళ పనివాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. వలి ఎడమచేత్తో టీ గ్లాసు పట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. ఇరమ్ పక్కనే నిలబడింది. నేను కాగితం తీసి, అది ఏ దేశపు పతకమో, ఎవరికిచ్చేదో, సర్దార్‌కు ఎందుకొచ్చిందో గట్టిగా చెప్పాను. "ఆ రోజు నేను పొరపాటుగా చదివాను. వలి చెప్పిందే నిజం" అని ముగించాను.

వలి గ్లాసు కింద పెట్టాడు. "పొరపాటా మాస్టారూ?" అన్నాడు.

నేను కాగితం మడతపెట్టబోయాను.

"నాకు చదువు రాదు గానీ కళ్ళున్నయ్. మీ ఏలు మొదటి అచ్చరం దాటి రెండోదాని మీద ఆగింది. చానాసేపు ఆగింది. మీరు ఎస్సై మొహం చూశారు. తర్వాత ఏలు తీసేసి, ఆ మాట అన్నారు. నేను గోడ కాడ నుంచి చూస్తానే ఉన్నా."

అతను రాతిని వినే మనిషి. నాలో ఎక్కడ విడిచిందో ఆ రోజే వినేశాడు. ఇరవై రెండేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

"ఏ కనబడింది వలీ. ఓ కాదని తెలుసు. భయపడి సోవియట్ అన్నాను" అన్నాను.

"ఎనక ఉన్నోళ్ళకు ఇనపళ్ళా" అన్నాడు వలి. "ఇంకోసారి చెప్పండి."

పాఠం రాని పిల్లవాణ్ణి నేను క్లాసులో అలాగే అడిగేవాణ్ణి. చేతులు కట్టుకుని, ఇంకోసారి చెప్పాను.