గౌస్ బాషా జొన్నజావ

గౌస్ బాషా పేరెత్తితే నాకు ముందు కోపం వస్తుంది, ఏడుపు తర్వాత వస్తుంది. ఇన్నేళ్లయినా ఆ వరస మారలేదు.

మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. మా ఆయన బళ్లో పంతులు. బాషా గుంటూరు మిర్చి కొట్లలో బస్తాలు తొక్కేవాడు. ఆ పని చూడనివాళ్లకు చెబితే గానీ అర్థం కాదు. ఎండుమిరపకాయలు గాలికి ఎగిరేంత తేలిక. బోరెంలో, అంటే పెద్ద గోనెసంచిలో, ఎన్ని పోసినా నిండినట్టే కనపడుతుంది గానీ బరువు తూగదు. అందుకని ఒక మనిషి బోరెంలోకి దిగి, పైనుంచి వేలాడే మోకు పట్టుకుని కాళ్లతో తొక్కుతుంటాడు. పక్కవాళ్లు కాయలు పోస్తుంటారు. తొక్కేవాడు ఎంత బరువుంటే బస్తా అంత బిగువుగా వస్తుంది. బాషా తండ్రి దూది ఏకి బతికిన బక్కమనిషి. ఆయన కడుపున ఇంత భారీమనిషి ఎట్లా పుట్టాడో తెలియదు గానీ, మా బస్తాలకు బాషానే రావాలని కొట్లవాళ్లు పోట్లాడుకునేవాళ్లు. అతను వీధిలో నడిచి వస్తుంటే ఎదురొచ్చే సైకిలువాడు దిగి నిలబడేవాడు. "ఏం బాషా, రోడ్డంతా నీదేనా" అని ఎవరైనా అంటే, "సగం నీకూ ఇస్తాలే రా" అని నవ్వేవాడు. అతనికి కోపం రావటం నేను చూడలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

పంతొమ్మిదివందల అరవై ఒకటో సంవత్సరం మిర్చి సీజను మొదట్లో బోరెంలో ఉన్నవాడు ఉన్నట్టే తల వాల్చేశాడు. బోరెం కోసి బయటికి లాగారు. మేస్త్రి అలీ సాహెబ్ బండి కట్టించి డాక్టర్ అనంతపద్మనాభం గారి దగ్గరికి తీసుకెళ్లాడు. జోహరాబీ, అంటే బాషా భార్య, ఒక్కతే వెళ్లటానికి భయపడితే నేను తోడు వెళ్లాను. అందుకే ఆ డాక్టరు ఏం చెప్పాడో నా చెవులతో విన్నాను.

డాక్టరు కుర్రవాడు, ఓపిక ఉన్నవాడు. "రైలింజనుకు బొగ్గు ఎట్లాగో మనిషికి తిండి అట్లాగయ్యా. ఆ వేడిని క్యాలరీలని లెక్కేస్తాం. నువ్వు వేసే బొగ్గు ఎక్కువైంది, చక్రం తిరిగేది తక్కువైంది" అన్నాడు.

"తక్కువేందండీ, పొద్దస్తమానం తొక్కుతానే ఉంటా గదా" అన్నాడు బాషా.

"సీజనులో తొక్కుతావు. సీజను అయిపోయాక? తొక్కేవాడి తిండి మాత్రం ఏడాదంతా తింటావు. ఆ మిగిలిందే ఒంటికి పట్టింది. నీ గుండె అలిసిపోయి ఉంది. ఒళ్లు దిగకపోతే అది ఇక మొయ్యలేదు. ముందు తిండి తగ్గించు. పొద్దున పల్చటి జొన్నజావ, వెన్న తీసిన మజ్జిగ. మధ్యాహ్నం కాస్త అన్నం, ఆకుకూర. సాయంత్రం మెల్లిగా నడువు. ఆయాసం వస్తే ఆగిపో. రెండింట్లో తిండే ముఖ్యం, నడక దాని తర్వాత. ఒళ్లు దిగేదాకా బోరెంలో కాలు పెట్టటానికి వీల్లేదు."

ఇంతకంటే తేటగా చెప్పేవాడు ఎవరున్నారు? చిన్నపిల్లాడికి కూడా తలకెక్కుతుంది. అలీ సాహెబ్ మంచివాడు, బాషాను కాటా దగ్గర కూర్చోబెట్టి తూకాలు చూసుకునే పని ఇచ్చాడు. శుక్రవారం నమాజు అయ్యాక అదే కాటాలో బాషాను కూడా తూచేవాళ్లు. మొదట్లో బాగానే దిగాడు. చొక్కా వదులైంది. మెట్లెక్కితే వచ్చే రొప్పు తగ్గింది. "అక్కయ్యగారూ, నా కాలి వేళ్లు నాకు కనపడుతున్నయ్యండీ" అని గోడ మీదుగా చెప్పాడు ఒకరోజు. నాకు ఎంత సంతోషమేసిందో.

సంతోషం లేనిది జోహరాబీకే. ఆమె అన్న బాజీ క్షయతో పోయాడు. ముందు బుగ్గలు పీక్కుపోయాయి, తర్వాత మెడ సన్నబడింది, ఆఖరికి మంచంలో మనిషి ఉన్నాడో దుప్పటి ఉందో తెలియకుండా పోయింది. దగ్గరుండి సేవ చేసింది ఈమే. అప్పటినుంచి సన్నబడటమంటే ఆమెకు చావు కిందే లెక్క. బాషా బుగ్గలు కొంచెం లోపలికి పోగానే ఆమెకు నిద్ర పట్టటం మానేసింది. పైగా మిర్చి కొట్లలో పనిచేసేవాళ్లకు ఘాటుకి దగ్గు ఎప్పుడూ ఉండేదే. కుళాయి దగ్గర ఆడవాళ్లు నోరు మూసుకోవచ్చు గదా. "ఏందే జోహరా, మీ ఆయన అట్టా చిక్కిపోయాడు, దగ్గు కూడా ఉన్నట్టుందే" అని ఒకామె, "మా తోడికోడలి మొగుడు కూడా ఇట్టాగే మొదలైంది" అని ఇంకొకామె. వాళ్ల నోళ్లు పడిపోను.

ఒక పొద్దున గోడ మీదుగా వేరుశనగపప్పు వేగుతున్న వాసన వచ్చింది. మర్నాడూ వచ్చింది. అనుమానం వేసి వెళ్లాను. జోహరాబీ రోట్లో వేయించిన పప్పు నూరుతోంది, పక్కన జొన్నజావ కాగుతోంది. నన్ను చూసి కొంగుతో రోలు కప్పబోయింది.

"ఎవరికే ఇది?" అన్నాను.

"నాకేనక్కా."

"నీకైతే దాచటం దేనికి? డాక్టరు చెప్పింది నీకు చెవికెక్కిందా లేదా?"

ఆమె పిండి చేతుల్తోనే కళ్లు తుడుచుకుంది. "ఆ డాక్టరుకి ఏం తెలుసక్కా. మా అన్నని నేను చూశాను. మనిషి కరిగిపోతుంటే చేతులు కట్టుకుని కూర్చోమంటారా? కాస్త పప్పు, కాస్త మీగడ. మెత్తగా నూరి కలుపుతాను, ఆయనకు తెలవదు. పల్చగా నీళ్లు తాగి ఎవరు బతుకుతారక్కా?"

"మీ అన్నది క్షయ. ఈయనది గుండె. దానికీ దీనికీ సంబంధమేంటే?"

"చిక్కిపోవటం చిక్కిపోవటమేగా" అంది.

ఇంక ఏం చెబుతాం. నెత్తీ నోరూ మొత్తుకున్నాను. మానేస్తానని చేతిలో చెయ్యి వేసింది. వారం తిరక్కుండా మళ్లీ వాసన వచ్చింది.

కాటాలో బాషా దిగటం ఆగిపోయింది. తర్వాత ఎక్కటం మొదలైంది. అప్పుడతను నడక పెంచాడు. మొదట ఊరి చివరి దాకా పోయి వచ్చేవాడు. ఆ తర్వాత పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆ తర్వాత పెదకాకాని దర్గా దాకా. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయి, పెదాలు నల్లబడి, మా అరుగు మీద కూలబడి మంచినీళ్లు అడిగేవాడు. అతని కష్టం చూడలేక ఒకరోజు చెప్పేశాను.

"బాషా, నువ్వెంత నడిచినా లాభం లేదు. నీ జావలో మీ ఆవిడ వేరుశనగపిండి, మీగడ కలుపుతోంది. నేను కళ్లారా చూశాను."

అతను చెంబు కింద పెట్టి నవ్వాడు. "తెలుసండీ అక్కయ్యగారూ."

"తెలిసీ తాగుతున్నావా?" అన్నాను.

"మొదటి రోజే తెలిసింది. వేయించిన పప్పు వాసన తెలవకుండా ఉంటదా అండీ. నేను తాగేదాకా ఎదురుగా కూర్చుని చూస్తా ఉంటది. గిన్నె ఖాళీ చేస్తే దాని మొహం ఎట్టా ఉంటదో మీరు చూడలేదు. వాళ్ల అన్న పోయినకాడ్నుంచి అది అట్టా తేలికపడి నవ్వటం నేనెరగను. వద్దంటే ఏడుస్తదండీ."

"ఏడవనీ. ఏడిస్తే ఏం పోయింది? నువ్వు పోతావు."

"నేను పోనండీ. దానికీ ఉపాయం ఉంది" అని, కాటా దగ్గర పనిచేసేవాడు కదా, నాకు పాఠం చెప్పాడు. "కుట్టేసిన బస్తా కాటా మీద బరువు మొగ్గిందనుకోండి, దాన్ని విప్పి కాయలు తియ్యం. అవతలి పళ్లెంలో ఇంకో రాయి వేస్తాం. అంతే గదండీ. అది ఎంత కలిపితే నేను అంత ఎక్కువ నడుస్తా. సరికి సరి."

"నువ్వు బస్తావా? బస్తాకు గుండె ఉంటుందట్రా?" అని అరిచాను. పెద్దవాణ్ణి పట్టుకుని రా అన్నానని ఆ తర్వాత గానీ తెలియలేదు. అతను నొచ్చుకోలేదు. "దానికి చెప్పమాకండి" అని బతిమాలి వెళ్లిపోయాడు.

నేను చెప్పకుండా ఊరుకునే మనిషిని కాదు. అప్పటికప్పుడు గోడ దాటినంత పనిచేసి జోహరాబీని నిలదీశాను. "ఆయనకు అంతా తెలుసే. నువ్వు కలిపినకొద్దీ నడిచి చస్తున్నాడు" అన్నాను. ఆమె నమ్మలేదు. "తెలిస్తే నాతో అనడూ? ఆయన కడుపులో ఏ మాటా దాగదక్కా. నాచేత మాన్పించాలని మీరు అంటున్నారు. ఆ నడకలతో మనిషి ఇంకా అరిగిపోతున్నాడు, నాకదే బెంగ" అంది. మర్నాటి నుంచి నువ్వులు కూడా చేర్చింది.

చూశారా ఆ ఇంటి సంగతి. ఆయన ఎక్కువ నడుస్తున్నాడని ఆమె ఎక్కువ పెట్టేది. ఆమె ఎక్కువ పెడుతోందని ఆయన ఎక్కువ నడిచేవాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మురిసిపోయేవాళ్లు. ఇద్దరినీ చెరో చెంపా వాయించాలనిపించేది. మా ఆయన "వాళ్ల కాపురంలో నీకెందుకే" అని నన్ను కసిరాడు. డాక్టరు గారికి చెబుదామని వెళితే ఆయన చెల్లెలి పెళ్లికని ఊరెళ్లి ఉన్నారు. తిరిగొచ్చాక బాషాను పిలిపించి అడిగితే, "చెప్పినట్టే తింటున్నానండీ" అని చక్కగా అబద్ధమాడి వచ్చాడు. పెళ్లాం మాట పడకూడదని.

మే నెల వచ్చింది. మా ఎండల సంగతి చెప్పక్కర్లేదు, పొద్దెక్కితే రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటుంది. ఆ శుక్రవారం కాటాలో బరువు మళ్లీ పెరిగిందట. "ఏం బాషా, మళ్లీ బోరెంలో దిగే ఆలోచనా" అని అలీ సాహెబ్ ఎగతాళిగా అన్నాడట. బాషా అన్నం కూడా తినకుండా ఆ మిట్టమధ్యాహ్నమే పెదకాకాని దారి పట్టాడు. సగం దారిలో మిరపచేల పక్కన పడిపోయాడు. పత్తి బండివాళ్లు చూసి ఆసుపత్రికి చేర్చారు. జోహరాబీతో పాటు నేనూ పరుగెత్తాను.

అనంతపద్మనాభం గారు కబురు తెలిసి వచ్చారు. నాడి చూసి బయటికి వచ్చి నాతో, "తిండి తగ్గించమంటే నడక పెంచుతాడా అమ్మా. అలిసిపోయిన గుండెను ఎండలో తోలాడు" అన్నారు. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. ఇంక చెయ్యగలిగింది లేదని ఆ మాట తీరులోనే తెలిసిపోయింది.

జోహరాబీ ఆయన చెప్పింది విన్నది. లోపలికి పోయి మంచం పక్కన నేల మీద కూర్చుని బాషా చెయ్యి పట్టుకుంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"నేనొక తప్పు చేశాను. జావలో పప్పు నూరి కలిపాను. నీకు తెలవకుండా రోజూ కలిపాను" అంది.

"తెలుసులే" అన్నాడు బాషా.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు మొదలుపెట్టిన రోజు నుంచే."

"మరెందుకు తాగావు? వద్దని అనొచ్చుగా."

అతనికి ఊపిరి అందటం లేదు. ఆగి ఆగి చెప్పాడు. "అంటే నువ్వు ఏడుస్తావు గదే."

అదే అతని ఆఖరి మాట. పొద్దు వాలకముందే పోయాడు. పిడుగురాళ్ల నుంచి కూతురు కరీమున్ వచ్చేసరికి అంతా అయిపోయింది. జనాజా పాడె మోసినవాళ్లు ఆ బరువుకి దారిలో రెండు మూడుసార్లు భుజాలు మార్చుకున్నారు. అది చూసి నేను వీధి మధ్యలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను, పంతులు గారి భార్య అన్న మర్యాద కూడా లేకుండా.

కూతురు తన దగ్గరికి రమ్మన్నా జోహరాబీ కదల్లేదు. పొయ్యి వెలిగించటం మానేసింది. నేను పొద్దున్నే ఏదో ఒకటి పట్టుకెళ్లి పక్కన కూర్చునేదాన్ని. నాలుగు ముద్దలు తిని పక్కన పెట్టేది. ఒకరోజు ఆ పళ్లెం అట్లాగే ఒళ్లో పెట్టుకుని ఉన్నట్టుండి నన్ను అడిగింది.

"నేను ఏడుస్తానని వద్దని చెప్పలేదంట అక్కా. ఒక్క పూట ఏడ్చి ఊరుకునేదాన్ని గదా. మరి ఇప్పుడు రోజూ నేను చేస్తున్నదేంది?"